బీటా దశలోని న్యూస్ కాషింగ్ సర్వర్: అభివృద్ధి స్థితిని అంచనా వేయడం, లోపాలను వెతికి సరిచేయడం

యూజ్‌నెట్ (ఇంటర్నెట్‌లోని పాత చర్చా వేదికల వ్యవస్థ) న్యూస్‌గ్రూపుల్లోని ఆర్టికల్స్‌ను పై సర్వర్ (మనకు ఆర్టికల్స్ ఇచ్చే బయటి న్యూస్ సర్వర్) నుంచి విడతలవారీగా తెచ్చుకుని, సొంత డిస్కులో నిల్వ చేసి, చదివే ప్రోగ్రాములకు అక్కడి నుంచే అందించే సాఫ్ట్‌వేర్‌ను న్యూస్ కాషింగ్ సర్వర్ అంటారు. ఈ కోవలో బాగా తెలిసినది లీఫ్‌నోడ్. ఆర్న్ట్ గుల్‌బ్రాన్సెన్ 1990లలో దాన్ని మొదలుపెట్టగా, కార్నీలియస్ క్రాసెల్, ఆ తరువాత మథియాస్ ఆండ్రే ముందుకు నడిపారు. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌లోని కొత్త ఆర్టికల్స్‌ను తీసుకోవడం, పంపడం మానేసింది. అప్పటిదాకా బ్రౌజర్‌లో చదివినవారిలో కొందరు నేరుగా ఎన్ఎన్‌టీపీ (న్యూస్ సర్వర్లతో మాట్లాడే ప్రోటోకాల్) దారికి వచ్చారు. ఈ పాత సాఫ్ట్‌వేర్‌ను, దాని ప్రయోగాత్మక శాఖలను మళ్లీ నిలబెట్టి వాడుకోవాలనుకునేవారికి ఈ మార్గదర్శి ఉపయోగపడుతుంది.

బీటా సర్వర్ మొరాయించగానే చాలామంది స్పూల్‌ను (ఆర్టికల్స్ నిల్వ ఉండే డైరెక్టరీని) తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ప్రారంభిస్తారు. నా దృష్టిలో అది అన్నింటికంటే చివర చేయవలసిన పని. లోపానికి సంబంధించిన సాక్ష్యం స్పూల్‌లోనూ లాగ్‌లోనూ ఉంటుంది కాబట్టి, దాన్ని తుడిచేస్తే ఆ రోజుకు సమస్య తీరినట్టు కనిపించినా కారణం చేజారిపోతుంది, పైగా చదివేవారి దగ్గరున్న ఆర్టికల్ నంబర్ల లెక్క కూడా తప్పుతుంది. కింది క్రమం అంతా ఈ ఒక్క జాగ్రత్త మీద ఆధారపడి ఉంది: ముందు సాక్ష్యం భద్రపరచాలి, తరువాత తప్పు ఎక్కడుందో తేల్చాలి, ఆ తరువాతే మరమ్మతు.

ఏ భాగం ఏ పని చేస్తుంది

కాషింగ్ సర్వర్ ఒకే ప్రోగ్రాములా కనిపించినా, లోపల సాధారణంగా మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. లీఫ్‌నోడ్‌నే ఉదాహరణగా తీసుకుంటే, లీఫ్‌నోడ్ అనే ప్రోగ్రాము చదివేవారి కనెక్షన్లకు జవాబిస్తుంది. ఫెచ్‌న్యూస్ పై సర్వర్‌కు వెళ్లి కొత్త ఆర్టికల్స్ తెస్తుంది, మనం రాసినవాటిని అక్కడ అప్పగిస్తుంది. టెక్స్‌పైర్ గడువు దాటినవాటిని తొలగిస్తుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. వాటి మధ్య ఉన్నది స్పూల్ ఒక్కటే. అందువల్ల ఒకటి చేసిన తప్పు మరొకటి పని చేసే వేళకు గానీ బయటపడదు. చదివేటప్పుడు కనిపించిన లోపానికి కారణం నిన్న రాత్రి క్రాన్‌లో (నిర్ణీత వేళల్లో పనులు నడిపే సాధనంలో) నడిచిన గడువు తొలగింపు కావచ్చు.

కాబట్టి ఏ ఫిర్యాదు వచ్చినా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. తప్పు చదివే ప్రోగ్రాముకు, కాష్‌కు మధ్య ఉందా? కాష్‌లోని స్పూల్‌లోనే ఉందా? కాష్‌కు, పై సర్వర్‌కు మధ్య ఉందా? దీనికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ఈ బీటా ఎంతవరకు నమ్మదగినది

వెర్షన్ పేరులో ఆల్ఫా, బీటా అనే మాట ఉన్నంత మాత్రాన నాణ్యత తెలిసిపోదు. లీఫ్‌నోడ్‌లో మొదటి శాఖ స్థిరమైనదిగా చాలా ఏళ్లు కొనసాగగా, స్థానిక గ్రూపుల వంటి సౌకర్యాలున్న రెండో శాఖ వెర్షన్ పేరులో ఆల్ఫా గుర్తును, తేదీని మోస్తూ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ గుర్తు చూసి భయపడనవసరమూ లేదు, దాన్ని పట్టించుకోకుండా వదిలేయడమూ మంచిది కాదు. స్థితిని అంచనా వేయడానికి నేను చూసే విషయాలు ఇవి.

మొదటిది మార్పుల చిట్టా. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే న్యూస్, చేంజ్‌లాగ్ ఫైళ్లను మీ దగ్గరున్న వెర్షన్ నుంచి కొత్త వెర్షన్ వరకు వరుసగా చదవండి. అక్కడ వెతకవలసినది కొత్త సౌకర్యాల కోసం కాదు, స్పూల్ అమరిక మారిందా, కాన్ఫిగరేషన్‌లో ఏ మాటకైనా అర్థం మారిందా, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లవచ్చా అనే మూడింటి కోసం. అమరిక మారి, వెనక్కి మార్చే సాధనం ఇవ్వకపోతే, ఆ వెర్షన్‌ను మీరు వాడుతున్న స్పూల్ మీద ఎక్కించకూడదు.

రెండోది తెరిచి ఉన్న లోపాల స్వభావం. లోపాల సంఖ్య కంటే అవి ఏ రకానికి చెందినవన్నదే ముఖ్యం. లాగ్‌లో మాట తప్పుగా పడుతోందన్న ఫిర్యాదులు ఇరవై ఉన్నా వాడవచ్చు గానీ, ఆర్టికల్ పోయింది, రాసినది పై సర్వర్‌కు చేరకుండానే తొలగిపోయింది అన్న ఫిర్యాదు ఒక్కటి జవాబు లేకుండా ఉన్నా ఆగి ఆలోచించాలి. చివరి మార్పు ఎప్పుడు జరిగిందో కూడా చూడండి. ప్రోటోకాల్ పెద్దగా మారని రంగం ఇది కాబట్టి మార్పులు లేకపోవడం దానంతటదే చెడ్డ గుర్తు కాదు. వచ్చిన లోపాల నివేదికలకు ఎవరూ జవాబివ్వకపోవడమే చెడ్డ గుర్తు.

మూడోది సర్వర్ తన గురించి తాను చెప్పే మాట. ఎన్ఎన్‌టీపీకి 1986 నాటి ప్రమాణ పత్రమైన ఆర్ఎఫ్‌సీ 977 స్థానంలో 2006లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3977లో క్యాపబిలిటీస్ అనే కమాండ్ ఉంది. కనెక్ట్ అయ్యి ఆ కమాండ్ ఇస్తే, కొత్త ప్రమాణాన్ని పాటించే సర్వర్ 101 అనే కోడ్‌తో తాను చేయగలిగిన పనుల జాబితా ఇస్తుంది. అందులో రీడర్ (చదవడం), పోస్ట్ (రాసి పంపడం), ఓవర్ (సారాంశాలు), స్టార్ట్‌టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) వంటి మాటలు ఉన్నాయో లేదో చూడండి. 500 అని జవాబు వస్తే అది పాత ప్రమాణం మీదే ఆగిందని అర్థం. చదవడానికి పనికివస్తుంది గానీ, కొత్త క్లయింట్ ప్రోగ్రాములు కొన్ని ఇబ్బంది పెట్టవచ్చు. జాబితాలో ఉన్న పనిని అడిగితే సర్వర్ చేయలేకపోవడం బీటాల్లో తరచుగా కనిపించే లోపం కాబట్టి, జాబితాలోని ప్రతి మాటనూ ఒక్కసారైనా పరీక్షించండి.

చెయ్యి పెట్టే ముందు: స్పూల్‌కు సరైన నకలు

ఇక్కడ కాస్త నిలబడి వివరించాలి, ఎందుకంటే తెలియకుండా జరిగే నష్టం ఎక్కువగా ఈ దశలోనే జరుగుతుంది. లీఫ్‌నోడ్ తరహా సర్వర్లలో ప్రతి ఆర్టికల్ ఒక ఫైలు. ఆ ఫైలుకు కనీసం రెండు పేర్లు ఉంటాయి: గ్రూపు డైరెక్టరీలో నంబరు రూపంలో ఒకటి, మెసేజ్ ఐడీల డైరెక్టరీలో మెసేజ్ ఐడీ (ప్రతి ఆర్టికల్‌కూ ప్రత్యేకంగా ఉండే గుర్తింపు) రూపంలో మరొకటి. ఒకే ఆర్టికల్‌ను మూడు గ్రూపులకు పంపితే నాలుగు పేర్లు ఉంటాయి. ఇవన్నీ హార్డ్ లింకులు. డిస్కు మీద సమాచారం మాత్రం ఒక్కటే. స్పూల్ అంతా ఒకే ఫైల్‌సిస్టమ్ మీద ఉండాలనడానికి కారణం కూడా ఇదే, ఫైల్‌సిస్టమ్ దాటి హార్డ్ లింకు వేయలేం.

ఇప్పుడు ఈ స్పూల్‌ను ఆర్‌సింక్ అనే నకలు సాధనంతో, మామూలు చిన్న ‘ఏ’ అక్షరం (-a) ఆప్షన్ ఒక్కటే ఇచ్చి నకలు తీశారనుకోండి. ఆ ఆప్షన్ హార్డ్ లింకులను కాపాడదు; అందుకు పెద్ద హెచ్ ఆప్షన్ విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఒక్కో పేరూ విడి ఫైలైపోయి స్పూల్ పరిమాణం రెట్టింపవుతుంది. అంతకంటే పెద్ద నష్టం తరువాత జరుగుతుంది. లింకుల సంఖ్య ఒకటికి పడిపోయిన మెసేజ్ ఐడీ ఫైలును చూసి, ఏ గ్రూపులోనూ ఈ ఆర్టికల్ లేదనుకుని టెక్స్‌పైర్ దాన్ని తొలగిస్తుంది. తిరిగి పెట్టిన నకలులో ప్రతి ఆర్టికల్‌దీ అదే పరిస్థితి. ఇక ఏ మెసేజ్ ఐడీతో వెతికినా ఆర్టికల్ దొరకదు, పైనుంచి అదే ఆర్టికల్ మళ్లీ వచ్చినా ఇది మన దగ్గర ఉందని గుర్తుపట్టే మార్గం ఉండదు. టార్ అనే సాధనం హార్డ్ లింకులను తనంతట తాను కాపాడుతుంది. చిన్న స్పూల్‌కు నేను దాన్నే వాడతాను.

నకలు తీసే ముందు ఫెచ్‌న్యూస్, టెక్స్‌పైర్ నడవడం లేదని నిర్ధారించుకోండి, క్రాన్‌లోని వాటి పంక్తులను తాత్కాలికంగా ఆపండి. స్పూల్‌తో పాటు కాన్ఫిగరేషన్ ఫైలు, సమస్య కనిపించిన సమయానికి అటూ ఇటూ ఉన్న సిస్టమ్ లాగ్ కూడా దాచండి. ఇప్పటికే లింకులు చెడిన స్పూల్ మీ చేతికి వస్తే, మెసేజ్ ఐడీ లింకులను మళ్లీ కలిపే మరమ్మతు ఆప్షన్ టెక్స్‌పైర్‌లో ఉంది; చిన్న ఆర్ అక్షరంతో ఇస్తారు. దాన్ని మొదట నకలు మీద నడిపి చూడండి.

చేత్తో మాట్లాడి చూడడం

ఎన్ఎన్‌టీపీ మామూలు అక్షరాల్లో నడిచే ప్రోటోకాల్. అందువల్ల ఏ క్లయింటూ లేకుండా టెల్‌నెట్‌తో 119 పోర్టుకు కనెక్ట్ అయ్యి నేరుగా మాట్లాడవచ్చు. టీఎల్ఎస్ ఉన్న 563 పోర్టుకైతే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని ఎస్-క్లయింట్ ఈ పని చేస్తుంది.

కనెక్ట్ కాగానే 200 వస్తే చదవవచ్చు, పోస్ట్ చేయవచ్చు. 201 వస్తే చదవడం మాత్రమే. 400 వస్తే సర్వర్ ప్రస్తుతం సేవ ఇవ్వడం లేదు, 502 వస్తే మీకు అనుమతి లేదు. ఏమీ రాకుండా కనెక్షన్ వెంటనే తెగిపోతే, లోపం ప్రోటోకాల్ దాకా రాలేదు. లీఫ్‌నోడ్ వంటివి కనెక్షన్ వచ్చినప్పుడే ప్రోగ్రామును మొదలుపెట్టే ఇనెట్‌డీ ద్వారానో, సిస్టమ్‌డీ సాకెట్ ద్వారానో మొదలవుతాయి కాబట్టి, న్యూస్ అనే యూజర్‌గా మారి ఆ ప్రోగ్రామును టెర్మినల్‌లో నేరుగా నడపండి. స్వాగత పంక్తి తెర మీదే కనిపించాలి. అది రాకుండా ఆగిపోతే కారణం అక్కడో లాగ్‌లోనో రాసి ఉంటుంది. ఎక్కువగా కాన్ఫిగరేషన్ ఫైలును చదివే అనుమతి లేకపోవడమో, యంత్రానికి పూర్తి డొమైన్ పేరు లేకపోవడమో కారణమవుతుంది. స్థానిక నెట్‌వర్క్‌కు బయటి నుంచి వచ్చే కనెక్షన్లను లీఫ్‌నోడ్ ముందుజాగ్రత్తగా తానే నిరాకరిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఇది లోపం కాదు, ఆ తలుపు తెరిచే ముందు బాగా ఆలోచించాలి.

తరువాత ఒక గ్రూపును అడగండి. జవాబు ఇలా ఉండవచ్చు:

211 57 1201 1260 మిస్క్.టెస్ట్

57 అన్నది ఆర్టికల్స్ సంఖ్యకు అంచనా, 1201 అతి చిన్న నంబరు, 1260 అతి పెద్ద నంబరు. 1201 నుంచి 1260 వరకు లెక్కిస్తే 60 రావాలి, కానీ 57 వచ్చిందంటే మూడు నంబర్లు ఖాళీగా ఉన్నాయి. అది సహజమే. అసహజమైనది ఏదంటే, నిన్న 1260 ఉన్న పెద్ద నంబరు ఈరోజు 1190కి తగ్గడం. ఒకసారి ఇచ్చిన నంబరును మరో ఆర్టికల్‌కు ఇవ్వకూడదన్నది చదివే ప్రోగ్రాములన్నీ ఆధారపడే నియమం. వెనక్కి తగ్గిన కాష్‌లో కొత్త ఆర్టికల్స్ ఉన్నా, క్లయింట్ వాటిని ఇప్పటికే చదివినవిగా భావించి దాచేస్తుంది.

ఆ తరువాత ఎక్స్‌ఓవర్ కమాండ్‌తో కొన్ని నంబర్ల సారాంశం తెప్పించండి. ప్రతి పంక్తిలో ట్యాబ్‌లతో విడదీసిన ఎనిమిది అంశాలు ఈ వరుసలో ఉండాలి: నంబరు, విషయం, రాసినవారు, తేదీ, మెసేజ్ ఐడీ, రెఫరెన్సెస్, బైట్ల సంఖ్య, పంక్తుల సంఖ్య. విషయం పంక్తిలో ట్యాబ్ ఉన్నప్పుడు, లేదా పొడవైన హెడర్ రెండు పంక్తులుగా మడత పడినప్పుడు, దాన్ని ఖాళీగా మార్చడం మరచిన బీటాల్లో అంశాలు పక్కకు జరిగి, తేదీ ఉండాల్సిన చోట పేరు కనిపిస్తుంది. క్లయింట్‌లో ఒకే ఆర్టికల్‌కు విచిత్రమైన తేదీ కనిపిస్తే మొదట ఈ పంక్తినే చూడండి.

మరో పరీక్ష చుక్కల గురించి. ఎన్ఎన్‌టీపీలో ఒంటరి చుక్క ఉన్న పంక్తి జవాబు ముగింపుకు గుర్తు. అందువల్ల చుక్కతో మొదలయ్యే మామూలు పంక్తికి ముందు మరో చుక్క చేర్చి పంపాలి, అందుకున్నవారు దాన్ని తీసేయాలి. చుక్క ఒక్కటే ఉన్న పంక్తి, రెండు చుక్కలున్న పంక్తి, చుక్కతో మొదలయ్యే మాట ఉన్న పంక్తి కలిపి ఒక పరీక్ష ఆర్టికల్ రాసి, స్థానిక గ్రూపులోకి పంపి, తిరిగి తెప్పించి అక్షరం అక్షరం పోల్చండి. మధ్యలో తెగిపోయే ఆర్టికల్స్ అన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

కొత్త ఆర్టికల్స్ రాకపోతే

అన్నింటికంటే తరచుగా వచ్చే ఫిర్యాదు ఇదే, కారణాలు కూడా దీనికే ఎక్కువ. మొదట ఇది నిజంగా లోపమేనా అని చూడండి. లీఫ్‌నోడ్‌లో ఒక గ్రూపును తొలిసారి తెరిచినప్పుడు కాష్ తానే తాత్కాలికంగా పెట్టే సందేశం ఒకటి మాత్రమే కనిపిస్తుంది; ఆ తెరవడమే ఆసక్తి ఉందనడానికి గుర్తు, ఆర్టికల్స్ తరువాతి ఫెచ్‌న్యూస్‌తో వస్తాయి. అదేవిధంగా ఎవరూ చదవని గ్రూపును అది తేవడం మానేస్తుంది. సాధారణ అమరికలో ఒక్కసారి మాత్రమే తెరిచి వదిలేసిన గ్రూపుకు గడువు రెండు రోజులు, క్రమంగా చదివేదానికి ఏడు రోజులు. పది రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి గ్రూపులు ఆగిపోయాయంటే కారణం ఇదే. ఆ గడువులను కాన్ఫిగరేషన్‌లో పెంచుకోండి.

అది కాదని తేలితే, ఫెచ్‌న్యూస్‌ను నాలుగు వీ అక్షరాల (-vvvv, వివరంగా చెప్పమనే) ఆప్షన్‌తో చేత్తో నడిపి, ఎక్కడ ఆగుతోందో చదవండి. మరొక ఫెచ్‌న్యూస్ నడుస్తోందని చెప్పి ఆగిపోతే, ప్రాసెస్‌ల జాబితాలో నిజంగా ఉందో లేదో చూసిన తరువాతే లాక్ ఫైలును తొలగించండి. నడుస్తున్న ప్రాసెస్ లాక్‌ను తీసేస్తే రెండు ప్రాసెస్‌లు ఒకే నంబరును రెండు ఆర్టికల్స్‌కు ఇచ్చే ప్రమాదం ఉంది.

పై సర్వర్ 480 ఇస్తే లాగిన్ కావాలని అర్థం. యూజర్ పేరుకు 381, పాస్‌వర్డ్‌కు 281 రావాలి. 481 వస్తే వివరాలు తప్పు, 483 వస్తే ముందు టీఎల్ఎస్ కావాలి. కొన్ని సర్వర్లు మొదట్లో ఏమీ అడగకుండా, ఒక గ్రూపును అడిగినప్పుడు మాత్రమే 480 ఇస్తాయి. అప్పుడు లాగిన్ అయ్యాక అదే కమాండ్‌ను మళ్లీ పంపవలసిన బాధ్యత కాష్‌ది. పంపకుండా తరువాతి గ్రూపుకు వెళ్లిపోయే బీటాల్లో ప్రతిసారీ జాబితాలోని మొదటి గ్రూపు మాత్రమే ఖాళీగా మిగులుతుంది. ఈ గుర్తు కనిపిస్తే ఇతర చోట్ల వెతకనవసరం లేదు. టీఎల్ఎస్ లేని కాష్‌కు ఎస్‌టన్నెల్ మంచి మార్గం: దాన్ని క్లయింట్ విధానంలో పెట్టి, సొంత యంత్రంలోని 127.0.0.1 చిరునామాలో ఒక పోర్టు మీద వినమని, అక్కడికి వచ్చినదాన్ని పై సర్వర్ 563 పోర్టుకు పంపమని చెప్పి, కాష్‌కు ఆ స్థానిక పోర్టును చూపాలి. సర్టిఫికెట్ పరిశీలనను మాత్రం ఆపివేయవద్దు.

ఇక నంబర్ల సంగతి. పై సర్వర్ నంబర్లు వేరు, కాష్ చదివేవారికి ఇచ్చే నంబర్లు వేరు. ఒక్కో పై సర్వర్‌కు ఒక్కో గ్రూపులో చివరిగా చూసిన నంబరును కాష్ ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఆ ఫైల్లో ఒక గ్రూపుకు ఎదురుగా 48210 ఉందనుకుందాం. పై సర్వర్ నిర్వాహకులు తమ స్పూల్‌ను కొత్తగా కట్టారు. ఇప్పుడు చేత్తో అడిగితే అక్కడ నంబర్లు 1 నుంచి 935 వరకు ఉన్నాయి. కాష్ మాత్రం 48211 కోసం ఎదురుచూస్తోంది. కనెక్షన్ కుదురుతుంది, లాగిన్ జరుగుతుంది, తప్పు కోడ్ ఒక్కటీ రాదు, ఆర్టికల్ ఒక్కటీ రాదు. మంచి సాఫ్ట్‌వేర్ ఈ తేడాను పసిగట్టి లాగ్‌లో హెచ్చరిస్తుంది. బీటా ఆ పని చేయకపోతే మీరే ఈ రెండు సంఖ్యలనూ పోల్చాలి. ఫెచ్‌న్యూస్ ఆగి ఉన్నప్పుడు ఆ ఒక్క గ్రూపు నంబరును మాత్రమే తగ్గించండి. అప్పుడు పాత ఆర్టికల్స్ కూడా మళ్లీ వస్తాయి గానీ, మెసేజ్ ఐడీ లింకులు క్షేమంగా ఉంటే కాష్ వాటిని గుర్తుపట్టి వదిలేస్తుంది. నకలు తీసేటప్పుడు హార్డ్ లింకుల గురించి అంతగా పట్టుబట్టింది అందుకే.

యంత్రం గడియారం తప్పుగా ఉన్నా, గరిష్ఠ వయసు పరిమితి వల్ల అన్నీ పాతవిగా లెక్కలోకి వచ్చి తిరస్కరణకు గురవుతాయి. తేదీ సరిచూడడానికి ఒక్క క్షణం చాలు.

రాసినది చేరకపోతే

కాష్‌కు పంపిన ఆర్టికల్ మొదట బయటికి వెళ్లే డైరెక్టరీలో ఆగి, తరువాతి విడతలో పై సర్వర్‌కు వెళ్తుంది. 340 అంటే పంపమని, 240 అంటే అందిందని, 440 అంటే అనుమతి లేదని, 441 అంటే తిరస్కరించానని అర్థం. తిరస్కరణకు గురైనవి విఫల పోస్టుల డైరెక్టరీలోకి చేరాలి. అక్కడికీ చేరకుండా మాయమైతే అది మీ బీటాలోని తీవ్రమైన లోపం, ఆ రోజే నివేదించవలసినది.

441తో పాటు వచ్చే వాక్యాన్ని పూర్తిగా చదవండి. ఇదివరకే ఉన్న ఆర్టికల్ అని అది చెబుతుంటే, మొదటి ప్రయత్నం నిజానికి చేరిందనీ, 240 జవాబు వచ్చేలోపు కనెక్షన్ తెగిందనీ అర్థం కావచ్చు. స్టాట్ కమాండ్‌తో ఆ మెసేజ్ ఐడీని పై సర్వర్‌లో అడగండి. 223 వస్తే ఆర్టికల్ అక్కడ ఉంది, 430 వస్తే లేదు. ఉంటే మళ్లీ పంపవద్దు. మెసేజ్ ఐడీని కొత్తగా మార్చి పంపితే ప్రపంచమంతా ఒకే మాట రెండుసార్లు చదవవలసి వస్తుంది.

లీఫ్‌నోడ్ పూర్తి డొమైన్ పేరు కోసం పట్టుబట్టడం కూడా మెసేజ్ ఐడీ కోసమే. లోకల్‌హోస్ట్ అనే పేరుతో వేలాది యంత్రాలు ఐడీలు తయారుచేస్తే అవి ఢీకొంటాయి. ఈ తనిఖీని తీసేయడానికి సోర్స్ కోడ్ మార్చమనే సలహాలు కనిపిస్తుంటాయి; వాటిని పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ యంత్రానికే ప్రత్యేకమైన పేరును కాన్ఫిగరేషన్‌లో ఇవ్వడం సరైన మార్గం.

డిస్కు, గడువు తొలగింపు

ఖాళీ చాలా ఉన్నా ఫైలు రాయలేకపోతున్నామని లాగ్ చెబుతుంటే ఐనోడ్‌లు (ఫైల్‌సిస్టమ్‌లో ఒక్కో ఫైలుకు కావలసిన నమోదు స్థానాలు) అయిపోయి ఉంటాయి. డీఎఫ్ కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇస్తే ఆ లెక్క తెలుస్తుంది. ప్రతి చిన్న ఆర్టికల్‌కూ ఒక ఐనోడ్ కావాలి, ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్‌సిస్టమ్‌లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది.

టెక్స్‌పైర్ ఆర్టికల్‌ను చివరిగా చదివిన సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్పూల్‌ను నోఏటైమ్‌తో మౌంట్ చేస్తే ఆ సమయం నమోదు కాదు, చదువుతున్న చర్చలు ముందే తొలగిపోతాయి. దీనికి విరుద్ధంగా, రోజూ ప్రతి ఫైలునూ చదివే బ్యాకప్ ప్రోగ్రాము ఉంటే ఏదీ తొలగిపోదు. అనుమతుల సమస్య కూడా ఇక్కడే చూడండి: ఎవరో రూట్‌గా సృష్టించిన ఒక్క డైరెక్టరీ చాలు, న్యూస్ యూజర్‌గా నడిచే తొలగింపు అక్కడ ఆగిపోతుంది.

ప్రోగ్రాము కూలిపోతే: నివేదిక ఎలా రాయాలి

సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ తప్పుతో ప్రోగ్రాము కూలడం) వస్తే డీబగ్ సమాచారంతో మళ్లీ కంపైల్ చేసి, కోర్ ఫైలును (కూలిన క్షణంలోని మెమరీ నకలును) జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ల వరుసలో కూలిందో చూపే జాబితా) తీయండి. కారణం అంతుపట్టని చోట్ల కూలిపోతుంటే, మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసినా, వాల్‌గ్రైండ్ కింద నడిపినా అసలు తప్పు జరిగిన చోటు దగ్గరే ప్రోగ్రాము ఆగుతుంది. తరువాత సమస్య తెచ్చే ఆర్టికల్‌ను వేరు చేయండి. నకలు స్పూల్‌లో గ్రూపులను సగం సగంగా తగ్గిస్తూ పోతే ఎక్కువగా ఒకే ఒక్క ఆర్టికల్ మిగులుతుంది. దాని హెడర్లలో 250 బైట్లు దాటిన మెసేజ్ ఐడీనో, ఖాళీ రెఫరెన్సెస్ పంక్తినో, యూటీఎఫ్-8 కాని అక్షరాలో కనిపిస్తాయి.

పాత వెర్షన్‌లో ఈ తప్పు లేదని తెలిస్తే, గిట్ బైసెక్ట్ (మార్పుల చరిత్రను సగం సగంగా విడదీస్తూ వెతికే కమాండ్) దాన్ని తెచ్చిన మార్పును చూపుతుంది. రెండు వెర్షన్ల మధ్య వెయ్యి మార్పులున్నా పది పరీక్షలతో తేలిపోతుంది. ఇలాంటి ప్రాజెక్టులను ఒకరిద్దరు తీరిక వేళల్లో నడుపుతుంటారు. వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, పాస్‌వర్డ్ తీసేసిన కాన్ఫిగరేషన్, సమస్య తెచ్చే ఆర్టికల్, మీరు ఇచ్చిన కమాండ్, వచ్చిన జవాబు, రావలసిన జవాబు, ఇవి ఉన్న నివేదికను వారు ఒక సాయంత్రంలో పరిష్కరించగలరు. పని చేయడం లేదన్న ఒక్క వాక్యంతో ఎవరూ ఏమీ చేయలేరు. లాగ్‌లోనూ, నెట్‌వర్క్ నకలులోనూ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో ఉండిపోతుంది కాబట్టి పంపే ముందు తప్పక వెతికి తీసేయండి.

స్థిరమైన వెర్షన్‌కు తిరిగి వెళ్లడం

కొత్త బీటాను ప్రయత్నించేటప్పుడు దాన్ని వేరే స్పూల్‌తో, 1119 వంటి వేరే పోర్టు మీద, పాతదాని పక్కనే నడపడం మేలు. పాతదాన్నే దీనికి పై సర్వర్‌గా చూపితే అసలు పై సర్వర్ మీద భారం పడదు, రెండింటి జవాబులనూ పక్కపక్కన పోల్చవచ్చు.

అప్పటికే బీటాను ప్రధానంగా వాడేసి, వెనక్కి వెళ్లక తప్పని పరిస్థితి వస్తే, ముందు బయటికి వెళ్లే డైరెక్టరీలో ఆగి ఉన్న ఆర్టికల్స్‌ను పూర్తిగా పంపేయండి. తరువాత ప్రతి గ్రూపుకూ ప్రస్తుత పెద్ద నంబరును రాసి పెట్టుకోండి. బీటా స్పూల్ అమరిక పాత వెర్షన్‌కు సరిపోకపోతే ఖాళీ స్పూల్‌తో మొదలుపెట్టి, సర్వర్ ఆగి ఉన్నప్పుడే గ్రూపుల సమాచారం ఫైల్లో ప్రతి గ్రూపు నంబరింగ్‌ను మీరు రాసుకున్న పెద్ద నంబరు కంటే పైనుంచి మొదలయ్యేలా మార్చండి. 1260 దగ్గర ఆగిన గ్రూపు 1261 నుంచి మొదలైతే, చదివేవారి క్లయింట్లలో ఏదీ మార్చనవసరం లేకుండా కొత్త ఆర్టికల్స్ కనిపిస్తాయి. మొదటి ఫెచ్‌న్యూస్ ముగిశాక ఒక్కో గ్రూపునూ టెల్‌నెట్‌లో అడిగి, 211 జవాబులోని చిన్న నంబరు మీరు రాసుకున్నదాని కంటే పెద్దదేనని సరిచూసుకుని, ఆ తరువాతే క్రాన్ పంక్తులను తిరిగి తెరవండి.